కంప్యూటరు కిటికీలో గణాంక చిత్రములు

అంకెల పట్టికను నూరు వరుసలు చదివినను తోచని విషయము ఒక్క గీతను చూచినంతనే తెలియును. ఈ సంగతిని లోకమునకు చాటినవారిలో ముందుగా చెప్పదగినవాడు విలియం ప్లేఫెయిర్. 1786లో లండనులో వెలువడిన గ్రంథములో అతడు ఇంగ్లండు ఎగుమతి దిగుమతుల పెరుగుదలను గీతలుగా గీచి చూపెను. ఆ చిత్రములు రాగిరేకులపై చెక్కి అచ్చొత్తినవి. చదువరి వానిని చూడగలడే గాని, ఒక భాగమును పెద్దది చేసి చూపుమని అడుగలేడు.

అడిగినట్లు మారు చిత్రము కంప్యూటరుతోనే సాధ్యమయ్యెను. 1963లో ఐవాన్ సదర్లాండ్ అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు సమర్పించిన పరిశోధనలో, కాంతికలముతో తెరమీద బొమ్మలు గీచి సవరించు పద్ధతిని చూపెను. 1970 దశకములో జాన్ టూకీ, జెరోమ్ ఫ్రీడ్‌మన్, మేరీ ఆన్ ఫిషర్‌కెల్లర్ కలిసి స్టాన్‌ఫర్డ్‌లోని కణత్వరణ కేంద్రములో ప్రిమ్-9 అను ప్రోగ్రామును నిర్మించిరి. తొమ్మిది చలరాశుల వరకు గల దత్తాంశమును బిందువుల గుంపుగా చూపి, ఆ గుంపును త్రిప్పి, వేరుపరచి పరిశీలించుటకు అది తోడ్పడెను. కాని దానికి పెద్ద కంప్యూటరు కావలసియుండెను.

బల్లమీది కంప్యూటర్లు వచ్చిన పిమ్మట యంత్రము చేరువైనది గాని, ప్రోగ్రాములు అంతగా చేరువ కాలేదు. ఇందుకు చికాగోలో జాన్ హంటర్ అను నాడీశాస్త్ర పరిశోధకుని అనుభవమే నిదర్శనము. కొందరు మూర్ఛరోగులకు శస్త్రచికిత్స చేయుటకు ముందు మెదడు ఉపరితలముపై ఎలక్ట్రోడులు అమర్చి, మూర్ఛ ఏ భాగమున పుట్టుచున్నదో విద్యుత్ సంకేతములను బట్టి గుర్తింతురు. ఆ సంకేతములను పరిశీలించు ప్రోగ్రామునకు అతని బృందమునకు గల లైసెన్సు ఒక్కటే. దాని తాళపుచెవివంటి చిన్న పరికరము కొరకు విద్యార్థులు, ఇంజనీర్లు, పరిశోధకులు వంతులు వేసికొనవలసివచ్చెను.

హంటర్ మొదట మాట్‌లాబ్‌లో సొంత ప్రోగ్రామును వ్రాసెను. రోగి స్కానులు ఒకచోట, సంకేతములు వేరొకచోట ఉండుటచే వానిని జతపరచుట అందులో కష్టమయ్యెను. అందుచే పైథాన్ భాషలో మరల మొదలుపెట్టెను. తన ప్రోగ్రాము కిటికీలోనే గ్రాఫు కనబడుటకై అతడు వ్రాసినదే మాట్‌ప్లాట్‌లిబ్. అది 2003లో వెలువడినది.

కిటికీలో గ్రాఫును ఇముడ్చుట పైకి కనబడునంత సులభము కాదు. అక్షముల మధ్య వెడల్పు 600 చుక్కలు, కాలము 0 నుండి 10 సెకనులు అనుకొందము. సెకనుకు 60 చుక్కలు వచ్చును. ఎడమ నుండి 210వ చుక్కవద్ద మౌసు నొక్కినచో అది 3.5 సెకనుల స్థానము. కిటికీని సాగదీయగా వెడల్పు 900 అయినచో, అదే స్థానము 315వ చుక్కకు జరుగును. కాబట్టి కొలత మారిన ప్రతిసారి చిత్రమును తిరిగి గీయవలెను. మౌసు సూచించిన చుక్కను తిరిగి దత్తాంశపు విలువగా మార్చవలెను. అంతేకాదు, కిటికీగల ప్రోగ్రాము ఎల్లప్పుడు వాడుకరి చర్యలకై ఎదురుచూచుచుండును. గ్రాఫు ఆ నిరీక్షణను తానే ఆక్రమించినచో తక్కిన బొత్తాములు పనిచేయవు. గ్రాఫు ఆ ఇంటికి అతిథివలె ఒదిగియుండవలెను.

ఇందుకై చిత్రము ఏమిటన్నది ఒక పొరగా, దానిని గీయు తలము వేరొక పొరగా విభజింపబడినవి. అందుచే ఒకే చిత్రమును కిటికీలో చూపవచ్చును, కాగితముపై అచ్చువేయవచ్చును. కిటికీని నిర్మించు సాధనము మారినను చిత్రమును మరల వ్రాయనక్కరలేదు.

హంటర్ దీనిని ఎల్లరకు ఉచితముగా, మూలముతో సహా అందజేసెను. అతడు 2012లో, 44వ ఏట మరణించెను. 2019లో లోకము చూచిన కృష్ణబిలపు తొలి చిత్రమును సిద్ధపరచుటలో తోడ్పడిన సాధనములలో మాట్‌ప్లాట్‌లిబ్ కూడ ఒకటి. ఒక్క తాళపుచెవికై వంతులు వేసికొనిన పరిశోధకుల ఇబ్బంది నుండి పుట్టిన సాధనమును నేడు ఏ ఉన్నత పాఠశాల విద్యార్థియైనను వెల చెల్లింపక వాడుకొనవచ్చును.