డబుల్ యాక్షన్ జేబు పిస్తోలు

కోటు లోపలనో, నడుము పట్టీ దాపుననో, చేతిసంచిలోనో పరుల కంటబడకుండ ధరించుటకు తగిన పొట్టి పిస్తోలునకు జేబు పిస్తోలని పేరు. సుత్తిని ముందుగా వెనుకకు లాగి నిలిపిన గాని పేలని తుపాకిని సింగిల్ యాక్షన్ అనియు, ట్రిగ్గరును నొక్కుటతోనే సుత్తి తానై వెనుకకు లేచి, పిమ్మట విడివడి తూటాను కొట్టు తుపాకిని డబుల్ యాక్షన్ అనియు అందురు. ఈ రెండవ ఏర్పాటు వలన, గొట్టము మొదట తూటా నిండియుండి సుత్తి దిగియున్నను, తీసిన వెంటనే ఒంటిచేతితో పేల్చుటకు వీలగును. అయితే ఆ మొదటి నొక్కు బరువైనది, దీర్ఘమైనది. ఈ యాయుధ చరిత్రము చాలవరకు ఆ మొదటి నొక్కుతో పనివారు పడిన పాట్ల చరిత్రమే.

16వ శతాబ్ది యారంభమున చక్రపు రాపిడిచే నిప్పురవ్వలు రాల్చు పిస్తోళ్లు పుట్టి, వెలిగించిన వత్తితో పని లేకపోవుటచే ఆయుధమును అంగీ క్రింద దాచుట సాధ్యము కాగా, మాక్సిమిలియన్ చక్రవర్తి 1517–18 ప్రాంతమున వానిని నిషేధించెను. తరువాతి మూడు శతాబ్దులలో చెకుముకి పిస్తోళ్లు బాటసారుల జేబులలో తిరిగినవి. ఫిలడెల్ఫియా నగరమున హెన్రీ డెరింజరు చేసిన అరచేతి ప్రమాణపు ఒంటి తూటా పిస్తోలు 1865 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి ఫోర్డు నాటకశాలలో అబ్రహాం లింకన్‌పై పేలి ఆయన ప్రాణమును బలిగొని, ఆ జాతి కంతకును ఆ పనివాని పేరే నిలుచునట్లు చేసెను.

డబుల్ యాక్షన్ రివాల్వరునకు ఇంగ్లండు పుట్టినిల్లు. 1851లో లండను హైడ్ పార్కులో జరిగిన మహాప్రదర్శనమున అమెరికావాడగు సామ్యూల్ కోల్టు తన రివాల్వర్లను బారులు తీర్చగా, రాబర్ట్ ఆడమ్స్ అను లండను పనివాడు ట్రిగ్గరు నొక్కుతోనే సుత్తి లేచి పడు రివాల్వరు నొకదానిని ఎదుట నిలిపెను. వేగమున దానికి సాటి లేదు గాని, ప్రతి తూటాకును వ్రేలు బలముగా లాగవలసి వచ్చుటచే గురి చెదరుచుండెను. ఇంజనీరు దళమునకు చెందిన ఫ్రెడరిక్ బోమంట్ అను సైనికాధికారి 1856లో ఆ యంత్రమునే సవరించి, తొందర లేనప్పుడు బొటనవ్రేలితో సుత్తిని నిలిపి తేలికగా పేల్చుటకును, తొందరలో ఒక్క నొక్కుతో పేల్చుటకును వీలు కల్పించెను. నేటి డబుల్ యాక్షన్ పిస్తోళ్ల కన్నిటికిని మూలము ఇదియే.

1887లో స్మిత్ అండ్ వెస్సన్ వారు సుత్తిని చట్రము లోపల పూర్తిగా కప్పివేసి, పిడి వెనుక ఒక పలక నమర్చి, పిడిని గట్టిగా బిగించి పట్టిన గాని పేలని రివాల్వరును వెలువరించిరి. జేబులోనుండి తీయునపుడు గుడ్డకు తగులుకొను సుత్తి కొన లేకపోవుట దీని ప్రధాన సుగుణము. నిమ్మకాయలు పిండెడి సాధనమని అమెరికనులు దీనికి పరిహాసనామ మిచ్చిరి. పిదప జాన్ బ్రౌనింగ్ కల్పనలతో బెల్జియమున ఎఫ్.ఎన్. వారును, అమెరికాలో కోల్టు వారును రివాల్వరు బొజ్జ లేని చదునైన స్వయంచాలక పిస్తోళ్లను లోకమంతట నింపిరి. 1914 జూన్ 28న సరజేవోలో ఆస్ట్రియా యువరాజును చంపిన గావ్రిలో ప్రిన్సిప్ చేతనున్నది ఎఫ్.ఎన్. వారి 1910 నమూనా. 1948 జనవరి 30న ఢిల్లీలో మహాత్ముని బలిగొన్నది ఇటలీ దేశపు బెరెట్టా 1934 నమూనా. రెండును సింగిల్ యాక్షన్ జాతివే. ఇట్టి పిస్తోలును జేబున ధరించువానికి రెండే దారులు: తూటా గదిని ఖాళీగా నుంచి, అవసరము వచ్చినపుడు రెండవ చేతితో స్లైడు అను పై తొడుగును లాగుకొనుట, లేదా స్ప్రింగు బిగించియే యుంచి చిన్న సేఫ్టీ మీటను నమ్ముకొనుట. చెక్ జాతీయుడగు అలోయిస్ టొమిష్క ఈ చిక్కును గ్రహించి, ‘లిటిల్ టామ్’ అను బుల్లి స్వయంచాలక పిస్తోలులో డబుల్ యాక్షన్ నమర్చెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము అది వియన్నాలో తయారయ్యెను గాని, అంతగా వ్యాపింపలేదు.

ఆ పనిని సాధించినవారు వాల్తరు కుటుంబమువారు. జర్మనీలోని తురింగియా అడవి సీమలో, తుపాకి పనివారికి పేరువడ్డ జెల్లా గ్రామమున కార్ల్ వాల్తరు 1886లో చిన్న కార్ఖానా స్థాపించెను. 1915లో ఆయన గతించిన పిదప కుమారుడు ఫ్రిట్జ్ భారము వహించి, 1929లో ‘పి.పి.’ అను పోలీసు పిస్తోలును, దానిని కుదించి 1931లో సాదా దుస్తుల అపరాధ పరిశోధకులకై ‘పి.పి.కె.’ను వెలువరించెను. పి.పి.కె. పొడవు 155 మిల్లీమీటర్లు, గొట్టము 83 మిల్లీమీటర్లు, 7.65 మిల్లీమీటరు తూటాలు మ్యాగజైనులో ఏడు పట్టును. గొట్టము చట్రమునకు కదలకుండ బిగించి, స్ప్రింగును ఆ గొట్టము చుట్టునే తొడిగి, పిడి వెనుక లోహపు వెన్నును తీసివేసి చుట్టి వచ్చు ఒకే పిడిని తొడుగుటచే దళసరి తగ్గినది. ట్రిగ్గరు చుట్టు కమ్మిని క్రిందికి లాగి, స్లైడును వెనుకకు ఈడ్చి పైకెత్తినచో ఊడి వచ్చును. మరలు విప్పు పని లేదు. స్లైడు ఎడమ ప్రక్కనున్న మీటను దించినచో, సుత్తికిని తూటాకును నడుమ అడ్డు పడి, సుత్తి నిరపాయముగా దిగును. గదిలో తూటా యున్నచో సుత్తి పైభాగమున ఒక సన్నని సూది కొన బయటికి పొడుచుకొని వచ్చును. చీకటిలో బొటనవ్రేలితో తడిమియే పిస్తోలు నిండినదో లేదో తెలిసికొనవచ్చును. ఇంత చిన్న వస్తువులో ఇన్ని జాగ్రత్తలను ఇంత పొందికగా కూర్చిన పనితనము అరుదు.

అయినను దోషములు లేకపోలేదు. మొదటి నొక్కునకు ఇంచుమించు ఆరు కిలోల బలము కావలెను. తరువాత స్లైడే సుత్తిని నిలుపును గనుక అందులో సగము చాలును. మొదటి గుండు ఒకచోటను, రెండవది వేరొకచోటను పడుటకు ఈ భేదమే కారణము. అరచేయి పెద్దదైనవానికి వెనుకకు దూకు స్లైడు బొటనవ్రేలి మొదటి కండను కోయుటయు కద్దు.

పి.పి. రాకతో జర్మనీలోని తక్కిన కార్ఖానాలు మేలుకొని, సావర్ వారు 38 హెచ్ నమూనాను, మౌజర్ వారు హెచ్.ఎస్.సి.ని తెచ్చిరి. వాల్తరు వారే తమ యంత్రమును పెద్ద తూటాకు పెంచి పి. 38 అను సైనిక పిస్తోలును చేసిరి. 1945 ఏప్రిల్ 30న బెర్లిన్ నేలమాళిగలో హిట్లరు తన ప్రాణము తీసికొన్నది పి.పి.కె.తోనే. యుద్ధాంతమున జెల్లా సోవియట్ భాగమునకు పోగా, ఫ్రిట్జ్ వాల్తరు పశ్చిమ జర్మనీలోని ఉల్మ్ నగరము చేరెను. 1950ల యారంభమునుండి ఫ్రాన్సులోని మాన్యూరిన్ వారు ఈ పిస్తోళ్లను చేసిరి. 1951లో సోవియట్ సైన్యము స్వీకరించిన మకారొవ్ పిస్తోలునందును వాల్తరు పోలిక స్పష్టముగా కనిపించును.

ఇయాన్ ఫ్లెమింగ్ నవలలలోని గూఢచారి జేమ్స్ బాండ్ మొదట 6.35 మిల్లీమీటరు బెరెట్టాను ధరించుచుండెను. గ్లాస్గో వాస్తవ్యుడగు జాఫ్రీ బూత్రాయిడ్ 1956లో రచయితకు జాబు వ్రాసి, అది స్త్రీల చేతికి తగునే గాని గూఢచారికి తగదని ఆక్షేపించెను. నిజమునకు ఆయన మొదట సూచించినది సుత్తి కనబడని స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వరు. ఫ్లెమింగ్ మాత్రము 1958 నాటి ‘డాక్టర్ నో’ నవలలో పి.పి.కె.నే బాండ్ చేతి కిచ్చెను. దానితో జర్మను పోలీసుల పనిముట్టు లోకవిఖ్యాత మయ్యెను. 1957 నాటి ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ అట్టపై రిచర్డ్ చాపింగ్ చిత్రించిన రివాల్వరు బూత్రాయిడ్ సొంతది. ట్రిగ్గరు చుట్టు కమ్మి ముందు భాగమును కోసివేసినది.

ఆ కోత కోల్టు ఉద్యోగియగు జె. హెచ్. ఫిట్జ్‌జెరాల్డ్ వాడుకలోనికి తెచ్చినది. పెద్ద రివాల్వరు గొట్టమును రెండంగుళములకు తగ్గించి, సుత్తి కొనను చెక్కివేసి, పిడి మూలలను గుండ్రముచేసి, వ్రేలు త్వరగా చేరుటకు కమ్మిని తెగకోసిన ‘ఫిట్జ్ స్పెషల్’ నమూనాలు కొద్దిగానే వెలువడినను, వాని కీర్తి గొప్పది. 1927లో కోల్టు వారు రెండంగుళముల గొట్టపు డిటెక్టివ్ స్పెషల్‌ను విక్రయమునకు తెచ్చునపుడు తక్కిన మార్పుల మాట యెట్లున్నను, కమ్మిని మాత్రము కోయలేదు. ట్రిగ్గరునకు కాపుగా నున్న దానిని తీసివేసి జేబున వేసికొనుట ప్రశంసింపదగిన తెగువ కాదు.

1970లలో న్యూయార్కు వాసి పారిస్ థియోడోర్ స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 39 అను డబుల్ యాక్షన్ పిస్తోలును కుదించి ‘ఏ.ఎస్.పి.’ని చేసెను. అంచులన్నియు అరగదీసిన సబ్బుబిళ్ల వలె నుండును. పిడి పలకలు పారదర్శకములగుటచే మిగిలిన తూటాలు ప్రక్కనుండియే లెక్కకు వచ్చును. ముందు గురికమ్మి యుండదు, స్లైడుపైన తొట్టి వంటి కాలువలో మూడు గోడలు సమముగా కనబడినచో గురి కుదిరినట్లు. లుడ్విగ్ సీకాంప్ మరియొక దారి త్రొక్కెను. ఆయన ప్రసిద్ధమగు కోల్టు 1911 నమూనాకు డబుల్ యాక్షన్ కూర్చి, పిదప 1985లో కనెక్టికట్‌లోని తన కార్ఖానానుండి 7.65 మిల్లీమీటరు తూటాకు, నాలుగంగుళములకు కొంచెము మించిన పొడవుగల పిస్తోలును వెలువరించెను. గురికమ్ములు లేవు, సేఫ్టీ మీట లేదు. ప్రతి నొక్కును బరువైనదే. మొదటి నొక్కునకును రెండవ నొక్కునకును గల భేదము ఇట్లు తొలగినది.

ఇట్టి పిస్తోలును పరీక్షించువారు తూకమును, పొడవును చూచుటకు ముందు అది ఎదురు తిరుగునేమో చూతురు. 1974 మార్చి 20న లండనులో యాన్ రాకుమారిని అపహరింపబోయిన దుండగుని ఎదుర్కొన్న అంగరక్షకుడు జేమ్స్ బీటన్ చేతిలోని పి.పి.కె. ఒక్క గుండు పేలి పట్టుకొనిపోయెను. మూడు గుండ్లు తగిలియు రాకుమారిని కాపాడిన బీటన్‌కు జార్జి క్రాస్ లభించెను. ఆ పిస్తోలు మాత్రము రక్షకుల కొలువునుండి తొలగెను. నునుపు ముక్కు తూటాలకై పుట్టిన ఈ యంత్రము బోలుముక్కు తూటాలను కొన్నిసార్లు మింగలేదు. అందుచే, తాను ధరింపబోవు తూటాలనే వందలకొలది పేల్చి చూచిన గాని అనుభవజ్ఞులు దానిని నమ్మరు.

అమెరికాలో 1968 చట్టము నాలుగంగుళముల యెత్తు లేని పిస్తోళ్ల దిగుమతిని ఆపగా, స్వల్పముగా తక్కువపడిన పి.పి.కె. స్లైడును పి.పి. చట్రముపై నుంచి ‘పి.పి.కె./ఎస్’ అను మిశ్రరూపమును కల్పించిరి. 1987లో ఫ్లోరిడా రాష్ట్రము దాచి ధరించుటకు అర్హులందరికి అనుమతి నిచ్చు చట్టము చేసిన పిదప, పలు రాష్ట్రములు ఆ దారి పట్టినవి. కెల్-టెక్, రూగర్ మొదలగువారి తేలికపాటి పిస్తోళ్లును, సుత్తి లేని గ్లాక్ జాతియు వచ్చి, పాత లోహపు పిస్తోళ్లను వెనుకకు నెట్టినవి.

భారతదేశమున 9 మిల్లీమీటరు పిస్తోలు పౌరులకు నిషిద్ధము. అందుచే లైసెన్సుదారుల చేతులలో .32 కొలత ఆయుధములే మిక్కిలిగా కనబడును. లైసెన్సునకు జిల్లాలలో కలెక్టరును, హైదరాబాదు వంటి నగరములలో పోలీసు కమిషనరును ఆశ్రయింపవలెను. 2014లో కాన్పూరు ప్రభుత్వ కర్మాగారము స్త్రీల చేతిసంచికి తగునట్లు సుమారు 500 గ్రాముల ‘నిర్భీక్’ రివాల్వరును వెలువరించెను. 1959 ఆయుధ చట్టము 6వ విభాగము ప్రకారము లైసెన్సు లేక తుపాకి గొట్టమును కుదించుట నేరము. ఫిట్జ్‌జెరాల్డ్ రంపపు పని ఇచ్చట చెల్లదు.