స్థాని, ఆదేశము, ‘సబ్‌స్టిట్యూట్’ అను ఆంగ్లక్రియ

ఆంగ్లమున ‘సబ్‌స్టిట్యూట్’ అను క్రియ యొకటి కలదు. దాని మూలమైన లాటిను ధాతువునకు ‘క్రింద నిలుపుట’ యని యర్థము. పూర్వప్రయోగమున దీనికి క్రొత్తవస్తువే కర్మ. పాతది ‘ఫర్’ అను పదము వెనుక వచ్చును. ‘రిప్లేస్’ అను క్రియకన్ననో పాతదియే కర్మ. ఇటీవల మొదటి క్రియయు ‘విత్’, ‘బై’ అనువానితో గూడి పాతదానినే కర్మగా గైకొనుచున్నది. బంతియాటలో నొక యాటగాడు ‘సబ్‌స్టిట్యూట్ చేయబడెను’ అన్నచో నతడు వెలుపలికి వచ్చెనని భావము. అట్లయిన వచ్చినదేది, పోయినదేది?

పాణినీయమున నీ సందియమునకు దావు లేదు. పోవునది స్థాని, దానికి షష్ఠి. వచ్చునది యాదేశము, దానికి బ్రథమ. యణాదేశవిధిలో ఇక్కు షష్ఠియందును, యణ్ణు ప్రథమయందును, నిమిత్తమైన అచ్చు సప్తమియందును నిలిచినవి. 1891 మొదలుగా అష్టాధ్యాయిని ఆంగ్లీకరించిన శ్రీశచంద్రవసువు ఆదేశమునకు ‘సబ్‌స్టిట్యూట్’ అను నామమునే వాడెను. నామము స్థిరముగనే యున్నది, క్రియయే తలక్రిందులైనది. మన ‘బదులు’ అన్యదేశ్యమే యైనను మేలు: ‘రామునికి బదులు కృష్ణుడు వచ్చెను’ అన్నచో నెవ్వరును భ్రమపడరు. ‘ఆదేశము’ మాత్రము నేటి పత్రికలలో నాజ్ఞార్థముననే మిగిలినది. ఇది శోచనీయము.

ఈ విచారమునకు జూబిలీ హిల్సు, ఫిలింనగరు ప్రాంతములకంటె దగినచోటు లేదు. అచట డబ్బింగుశాలలలో నిత్యము జరుగునది ఆదేశవిధియే. 1932లో వెలువడిన ‘భక్తప్రహ్లాద’ నాటి నటులు తమ పాటలు దామే పాడుకొనిరి. పిదప గాయకుల కంఠము నటుల కంఠమునకు ఆదేశమైనది. 1950లో హిందీనుండి తెలుగైన ‘ఆహుతి’తో భాషయే యాదేశమైనది. అందు శ్రీశ్రీ మాటలు వ్రాసెను. పెదవులు గలియుచోట పవర్గాక్షరము దొరకవలె నన్న నియమ మిట్టి రచనకు దప్పదు. ఛందస్సున యతినియమ మెఱిగినవాని కిది వింతగా దోపదు.

ఆదేశము స్థానివలె వర్తించు ననుట సూత్రకారుని మతము. తెరమీది నటుని నోట నన్యుని గొంతు వినవచ్చినను ప్రేక్షకులు నటునిదిగానే గ్రహింతురు. కాని వర్ణమును బట్టి యేర్పడిన విధులలో స్థానివద్భావము చెల్లదని పాణినియే మినహాయించెను. కావున స్వరమును బట్టి వచ్చిన కీర్తి స్వరము గలవానిదే, నటునికి జెందదు. నందిపురస్కారములలో డబ్బింగు కళాకారులకు బ్రత్యేకబహుమతు లుండెడివి. ఆ విభాగము నేర్పఱచినవారు వ్యాకరణము జదివిరో లేదో గాని, న్యాయము మాత్రము సరిగనే చేసిరి.