లారీ బేకర్ నిర్మాణ శైలి

వాస్తుశిల్పి లారీ బేకర్ (1917–2007) కేరళలో రూపుదిద్దిన, తక్కువ ఖర్చుతో వాతావరణానికి తగినట్టు ఇళ్లు కట్టే పద్ధతి. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పుట్టిన బేకర్ 1945లో కుష్ఠువ్యాధి ఆసుపత్రుల పని మీద భారతదేశం వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. హిమాలయాల్లోని పితోరాగఢ్‌లో ఉన్నప్పుడు స్థానిక మేస్త్రీల పనితనం చూసి, చదివిన చదువులో చాలాభాగం పక్కన పెట్టారు. చేతికందే సామగ్రితోనే కట్టాలన్న గాంధీ మాట ఆయన మీద బలంగా పనిచేసింది.

ఈ శైలిలో ముఖ్యమైనది ‘రాట్ ట్రాప్’ గోడ. ఇటుకలను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, రెండు వరుసల మధ్య ఖాళీ వదులుతారు. ఇటుకలు సుమారు 25 శాతం తగ్గుతాయి. ఆ ఖాళీలోని గాలి ఎండవేడిని లోపలికి త్వరగా రానివ్వదు. శ్లాబు అడుగుభాగంలో కాంక్రీటు పెద్దగా బరువు మోయదు కాబట్టి అక్కడ పాత పెంకులు పెట్టి సిమెంటు ఆదా చేస్తారు. కిటికీల బదులు చాలాచోట్ల ఇటుక జాలీలే. గోడలకు పూత ఉండదు. అందుకే నాసిరకం ఇటుక, చేయి తిరగని మేస్త్రీ ఇక్కడ దాగరు.

తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ప్రాంగణం దీనికి మేటి ఉదాహరణ. అక్కడ కొండవాలును చదును చేయకుండా భవనాలను దాని వంపుల వెంట నడిపించారు. బేకర్‌కు 1990లో పద్మశ్రీ లభించింది.