పాలీ ముర్రే రాసుకున్న జాబితా

అమెరికాలో కనెక్టికట్ నది సముద్రంలో కలిసే చోటుకి దగ్గర్లో లైమ్ అనే చిన్న ఊరుంది. అడవి, రాతిగోడలు, పెరటి దాకా వచ్చే జింకలు. ఆ ఊరి పేరు ఇవాళ ప్రపంచమంతా ఒక జబ్బు పేరుగానే తెలుసు. ఆ జబ్బు చరిత్ర వైద్య గ్రంథాల్లో సాధారణంగా 1975లో, యేల్ విశ్వవిద్యాలయంలో మొదలవుతుంది. నిజానికి అది అంతకు చాలా ఏళ్ల ముందు ఒక ఇంట్లో, ఒక గృహిణి కాగితాల్లో మొదలయింది.

ఆమె పేరు పాలీ ముర్రే. చిత్రకారిణి, నలుగురు పిల్లల తల్లి. ఏళ్ల తరబడి ఆమెకి జ్వరాలు, తలనొప్పి, ఒంటిమీద దద్దుర్లు, కీళ్ల వాపు, లేవలేనంత నీరసం. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేవి. తర్వాత భర్తకీ పిల్లలకీ కూడా మోకాళ్లు వాచాయి. డాక్టర్ల మీద డాక్టర్ల దగ్గరికి తిరిగింది. పరీక్షల్లో ఏమీ కనబడలేదు. ఏమీ కనబడకపోతే ఆడమనిషికి ఏ జవాబు దొరుకుతుందో మనకి తెలిసిందే. జబ్బు ఒంట్లో కాదు, మనసులో ఉందన్నారు. తనకి తెలియకుండానే ఆమె జబ్బుని కోరుకుంటోందేమోనని కూడా సూచించారు.

ఆమె చేసిన పని రాసుకోవడం. ఏ రోజు ఎవరికి ఏ కీలు వాచింది, దద్దురు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయింది, ఏ డాక్టరు ఏమన్నాడు. క్రమంగా ఇరుగుపొరుగు పిల్లలు కూడా ఆ రాతల్లోకి వచ్చారు. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కాబట్టి స్త్రీల డైరీలు, పద్దుపుస్తకాలు, ఉత్తరాలు చదవడం నాకు అలవాటు. వాటిని సాహిత్యంగా ఒప్పించడానికే మనకి చాలా కాలం పట్టింది. పాలీ రాతల్ని శాస్త్రంగా ఒప్పించడం ఇంకా కష్టమైన పని. ఇంటి లెక్కలు రాసే చేతితోనే, అదే శ్రద్ధతో, ఆమె ఒక అంటువ్యాధి లెక్క రాసింది.

1975లో ఆమె రాష్ట్ర ఆరోగ్యశాఖకి ఫోన్ చేసింది. పక్కనే ఓల్డ్ లైమ్‌లో ఉండే జుడిత్ మెన్ష్ అనే మరో తల్లి కూడా అదే సమయంలో ఫిర్యాదు చేసింది. ఆమె కూతురికి బాల్యంలో వచ్చే కీళ్లవాతం అన్నారు. అది అరుదైన జబ్బు, ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు. అలాంటప్పుడు ఒకే వీధిలో ఇంతమంది పిల్లలకి ఎలా వచ్చింది? ఈ ప్రశ్న వేసింది డాక్టర్లు కాదు, తల్లులు. ఎందుకంటే పిల్లల్ని విడివిడి కేసులుగా కాక, కలిసి ఆడుకునే గుంపుగా చూసింది వాళ్లే.

ఆరోగ్యశాఖలో డేవిడ్ స్నైడ్‌మన్ ఆ మాటల్ని కొట్టిపారెయ్యలేదు. యేల్‌లో కీళ్లవ్యాధుల శిక్షణలో ఉన్న అలెన్ స్టీర్‌కి చెప్పాడు. పాలీ తన జాబితాతో స్టీర్‌ని కలిసింది. న్యాయంగా చెప్పాలంటే అతను విన్నాడు, ఇల్లిల్లూ వెతికించాడు. 1977లో అచ్చయిన పరిశోధన ప్రకారం సుమారు 12,000 జనాభా ఉన్న మూడు ఊళ్లలో 51 మంది రోగులు దొరికారు. అందులో 39 మంది పిల్లలు. జబ్బు ఎక్కువగా వేసవిలో, అడవి అంచు రోడ్ల మీది ఇళ్లల్లో మొదలవుతోంది. నాలుగోవంతు మందికి మొదట చర్మం మీద ఒక వింత మచ్చ వచ్చింది. అలాంటి మచ్చని స్వీడన్‌లో అఫ్జీలియస్ అనే చర్మవైద్యుడు 1909లోనే వర్ణించి, దానికీ పిడుదు కాటుకీ సంబంధం ఉందన్నాడు. చర్మవైద్యులకి మచ్చ తెలుసు, కీళ్ల వైద్యులకి వాపు తెలుసు. రెండూ ఒకే ఒంటి మీద చూసినవాళ్లు ఇంట్లోవాళ్లు.

పిడుదు అంటే మనవైపు పశువుల చెవుల్లో, పొదుగుల దగ్గర పట్టుకుని రక్తం తాగేదే. కొన్ని చోట్ల గోమారి అంటారు. కనెక్టికట్‌లోది జింకలమీద బతికే రకం. 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ ఆ పిడుదుల పొట్టలో మెలికలు తిరిగిన బాక్టీరియాని చూశాడు. 1982లో ఆ సంగతి అచ్చయింది. 1984లో ఆ క్రిమికి బొరీలియా బర్గ్‌డార్ఫెరి అని పేరు పెట్టారు. జబ్బుకి ఊరి పేరు, క్రిమికి శాస్త్రవేత్త పేరు దక్కాయి. పాలీ పేరు 1996లో ఆమె తనే రాసుకున్న 'ది వైడెనింగ్ సర్కిల్' పుస్తకం అట్ట మీద ఉంది. 2019లో చనిపోయింది.

ఇదంతా జరుగుతున్న కాలంలోనే, లైమ్‌కి ఎంతో దూరం లేని బోస్టన్‌లో కొందరు స్త్రీలు తమ శరీరాల గురించి తామే తెలుసుకుని పుస్తకం రాశారు. 'అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్' 1973లో పెద్ద ప్రచురణకర్త ద్వారా దేశమంతా వెళ్లింది. మన 'సవాలక్ష సందేహాలు' కూడా ఆ తోవలోదే. పాలీ ఏ బృందంలోనూ లేకుండా వంటగదిలో కూర్చుని అదే పని చేసిందని నాకనిపిస్తుంది.

ఇప్పుడు ఈ జబ్బంటే ఎక్కువ భయం కొండలూ అడవులూ నడిచేవాళ్లకి. జార్జియా నుంచి మెయిన్ దాకా సుమారు 3,500 కిలోమీటర్ల అపలాచియన్ కాలిబాట ఉంది. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల ముసలమ్మ, భర్త చేతిలో ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న మనిషి, మామూలు గుడ్డబూట్లతో దాన్ని ఒంటరిగా నడిచి ముగించింది. ఆ బాట ఉత్తర భాగం లైమ్ జబ్బు గట్టిగా ఉన్న రాష్ట్రాల గుండానే పోతుంది. అక్కడ అడవులు పూర్వం నుంచీ అలాగే లేవు. పొలాల కోసం నరికేశారు, తర్వాత రైతులు పొలాలు వదిలి వెళ్లారు, చెట్లు మళ్లీ పెరిగాయి, జింకలు తిరిగొచ్చాయి, అడవి మధ్యకి ఇళ్లొచ్చాయి. పిడుదులకి ఇంతకంటే ఏం కావాలి?

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, కనెక్టికట్‌లలో మన తెలుగువాళ్లు చాలామంది శనాదివారాలు ఈ బాటల్లో నడుస్తారు. వాళ్లకోసం ఒకటి రెండు మాటలు. మే నుంచి జూలై దాకా తిరిగే పిడుదు పిల్ల గసగసాల గింజంత ఉంటుంది. కుడితే నొప్పి తెలియదు. సాధారణంగా క్రిమి ఒంట్లోకి చేరడానికి ఒక రోజుకి పైగానే పడుతుంది కాబట్టి ఇంటికి రాగానే స్నానం చేసి, చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనక, జుట్టులో వెతుక్కోవాలి. కనబడితే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. కిరసనాయిలు పొయ్యడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. మొదటి వారాల్లో రక్తపరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు. ఇక మచ్చ సంగతి. వైద్య పుస్తకాల్లో బొమ్మలన్నీ చాలాకాలం తెల్లటి ఒంటి మీద ఎర్రటి వలయాలే. మన రంగు ఒంటి మీద అది అంత ఎర్రగా కనబడదు. అందుకే నల్లజాతివాళ్లలో జబ్బుని ఆలస్యంగా గుర్తించడం జరిగింది. తొందరగా పట్టుకుంటే రెండు మూడు వారాల డాక్సీసైక్లిన్‌తో తగ్గిపోయే జబ్బిది.

మందు వాడాక కూడా నెలల తరబడి నొప్పులు, నీరసం మిగిలేవాళ్లున్నారు. వాళ్లకి నెలలకి నెలలు యాంటీబయాటిక్స్ ఇవ్వాలని వాదించే డాక్టర్లున్నారు. 2001లో అచ్చయిన పరిశోధనలో ఆ దీర్ఘ చికిత్సతో ప్రయోజనం కనబడలేదు. ఇక్కడ నేను స్త్రీవాదిగా కొంచెం ఇబ్బందికరమైన చోట నిలబడతాను. బాధని నమ్మాలి. ఆ బాధ చూపించి అమ్మే ప్రతి మందునీ నమ్మనక్కర్లేదు. పాలీని అనుమానించిన వైద్యం, ఇవాళ అలసిపోయిన ఆడవాళ్లకి సెలైన్ సీసాలు అమ్ముతున్న వైద్యం రెండూ ఆమె చెప్పేది పూర్తిగా వినలేదు.

పిడుదు మన దేశంలోనూ జబ్బు తెచ్చింది. 1957లో కర్ణాటకలో షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చి పడటం, వెంటనే మనుషులకి విపరీతమైన జ్వరం, రక్తస్రావం. అది వైరస్, లైమ్ క్రిమికి దానికి చుట్టరికం లేదు, మోసేది మాత్రం పిడుదే. దాన్ని అక్కడివాళ్లు కోతిజబ్బు అంటారు. అమెరికాలో అడవికి వెళ్లేది ఎక్కువగా సరదాకి. మలెనాడులో కట్టెలకీ, పశువులు మేపుకోడానికీ, కొట్టాల్లో పరచడానికి ఎండుటాకులకీ వెళతారు. ఆ ఆకుల మోపులతోపాటే పిడుదులు ఇంటికొస్తాయి. 2019లో సాగర తాలూకా అరళగోడు ప్రాంతంలో మళ్లీ మనుషులు చనిపోయారు. ఏళ్ల తరబడి వేసిన టీకా సరిగా పనిచెయ్యడం లేదని 2022లో ఆపేశారు. అడవికి వెళ్లేముందు కాళ్లకీ చేతులకీ రాసుకొమ్మని ఆరోగ్యశాఖ నూనె సీసాలు పంచుతుంది. డిసెంబరు నుంచి మే దాకా అడవికి వెళ్లొద్దని కూడా చెబుతుంది. ఆ నెలల్లో పొయ్యిలోకి కట్టెలు ఎక్కణ్ణించి తేవాలో చెప్పదు.