మడత తెరకు కవచము

2019 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాకు చెందిన సామ్‌సంగ్ కంపెనీ, పుస్తకమువలె మడతపడు సెల్‌ఫోనును విడుదలకు ముందు కొందరు విలేఖరులకు పరీక్షకై ఇచ్చెను. వారిలో కొందరు తెరపైనున్న పలుచని ప్లాస్టిక్ పొరను చూచి, కొత్త సామానుపై అంటించివచ్చు తొడుగు వంటిదే గదా యని ఊడబెరికిరి. తెరలు చెడిపోయినవి. ఆ నెల 26వ తేదీన జరుగవలసిన విడుదల సెప్టెంబరు వరకు వాయిదా పడెను. ఈలోపల కంపెనీవారు ఆ పొర అంచులను చట్రము క్రిందికి చొప్పించి, గోటికి అందకుండ చేసిరి. విలేఖరులు ఊడదీసినది పనికిమాలిన తొడుగు కాదు. తెర కట్టడములో అదియు ఒక భాగము. ఫోను ముఖమున గాజుండుట అందరికిని అలవాటు. ఇక్కడ ప్లాస్టిక్ ఎందులకు వచ్చినది?

కారణము వంపులో ఉన్నది. ఏ పలకనైనను వంచినపుడు వెలుపలి తలము సాగును, లోపలి తలము నొక్కుకొనును. ఎంత సాగునో తెలియుటకు పలక మందమును వంపు వ్యాసార్ధమునకు రెట్టింపుతో భాగించిన చాలును. మామూలు ఫోను గాజు మందము సుమారు అర మిల్లీమీటరు. దానిని ఒకటిన్నర మిల్లీమీటరు వ్యాసార్ధముతో మడవవలెనన్న, పైతలము నూటికి 17 వంతుల వరకు సాగవలెను. నూటికి ఒక వంతు సాగుటయే గాజునకు గండము. మందమును 30 మైక్రానులకు, అనగా మిల్లీమీటరులో నూటికి 3 వంతులకు, తగ్గించినచో సాగుదల సరిగా ఆ ఒక్క వంతే అగును. నిండు వెదురు వంగదు. మేదరి దానిని సన్నని బద్దలుగా చీల్చిన పిదప బుట్టగా అల్లవచ్చును. సూత్రమొక్కటే. కాని అంత పలుచని గాజును చెదరకుండ తయారుచేయుట తేలిక కాదు. అందుచే మొదట ప్లాస్టికునే ఆశ్రయింపవలసివచ్చెను.

ఆ ప్లాస్టిక్ పేరు పాలీఇమైడు. 1908లో అమెరికాలో బోగర్ట్, రెన్‌షా అను రసాయనవేత్తలు ఈ జాతి పదార్థమును తొలిసారి వర్ణించిరి. 1960ల దశకములో డ్యుపాంట్ కంపెనీ దీనిని పలుచని పొరగా చేసి, కాప్టన్ అను పేరుతో వ్యాప్తికి తెచ్చెను. వేడికి చెక్కుచెదరదు, ఎన్నిసార్లు మడిచినను తెగదు. లోపమొక్కటే, తేనెరంగు. దీని అణువులలో ఎలక్ట్రానుల నిచ్చు భాగములు, పుచ్చుకొను భాగములు పక్కపక్కన చేరి నీలికాంతిని పీల్చివేయును. నీలము పోయిన తెలుపు పసుపే గదా! తెరపై బొమ్మ చూడవలసినవారికి ఇది పనికిరాదు. ఫ్లోరిన్ గల పెద్ద సమూహములను అణువులో చేర్చి ఆ భాగములను ఎడముగా ఉంచినచో రంగు విరుగును. 1980ల దశకములో అమెరికాలోని నాసా లాంగ్లీ పరిశోధనశాల అంతరిక్ష అవసరములకై ఇట్టి వర్ణరహిత పాలీఇమైడులను తయారుచేసెను. సెల్‌ఫోనుల ఊహ అప్పుడెవరికిని లేదు.

రంగు పోయినను మెత్తదనము పోలేదు. అందుచే దానిపై కొన్ని మైక్రానుల గట్టి పూత పూయుదురు. సిలికాన్, ఆక్సిజన్ గొలుసులను సేంద్రియ అణువులతో ముడివేసిన పూతలు ఇందుకు వాడుక. అసలు చిక్కు ఇక్కడనే ఉన్నది. పూత గట్టిపడినకొలది మడత వద్ద చీలును. మెత్తపడినకొలది గోటికే గీతపడును. 2019 నాటి ఆ ఫోను 2,00,000 మడతలకు ఓర్చునని కంపెనీ ప్రకటించెను. అనగా రోజుకు నూరుసార్ల చొప్పున అయిదేండ్లకు పైమాట. అన్నిసార్లు వంగియు చీలని పూత గాజువలె గట్టిగా ఉండవలెనని కోరుట అత్యాశయే.

ఇక గాజు తిరిగి రంగములోనికి వచ్చెను. గాజు బలహీనత దాని పదార్థములో లేదనియు, తలముపైనున్న కంటికి కానరాని పగుళ్లలో ఉన్నదనియు 1921లోనే ఇంగ్లండులో గ్రిఫిత్ చూపియుండెను. ఆయన తీసిన సన్నని గాజుపోగులు మామూలు గాజుకంటె ఎన్నోరెట్లు బలమైనవి. పగుళ్లను మూసియుంచు ఉపాయము 1960ల తొలినాళ్లలో కుదిరెను. కరగిన పొటాషియం నైట్రేటులో గాజును ముంచినచో, సోడియం అయానుల స్థానమున వాటికంటె పెద్దవైన పొటాషియం అయానులు ఇరుకుకొనును. తలము నిత్యము నొక్కుడులో ఉండుటచే పగులు నోరు తెరువదు. 1962లో అమెరికాలో కార్నింగ్ కంపెనీ ఇట్టి గాజును కెమ్‌కార్ అను పేర ప్రకటించెను. 2020 ఫిబ్రవరిలో సామ్‌సంగ్ సుమారు 30 మైక్రానుల గాజుతో మరియొక మడత ఫోనును విడుదల చేసెను. తలవెంట్రుక మందములో అది ఇంచుమించు సగము.

అయినను ఆ తెరకు కూడ గోటివంటి మెత్తని వస్తువులతోనే గీతలు పడెను. ఇది గాజేనా యని కొందరు సందేహించిరి. గాజే; దానిపై మరల ఒక ప్లాస్టిక్ పొర ఉన్నదని కంపెనీ తెలిపెను. ఇది విడ్డూరముగా తోచినను తప్పనిసరి. ఇంత పలుచని గాజులో నొక్కుడుపొర లోతు కొద్ది మైక్రానులే. జేబులోని ఇసుకరేణువు గాజుకంటె గట్టిది; అది ఆ లోతును దాటి గీచినచో, తరువాతి మడతకే పగులు అడ్డముగా ప్రాకిపోవును. మెత్తని పొర ఆ గీతను తనపై వేసికొనును. అరిగిన పొరను మరమ్మతు కేంద్రములలో తీసి కొత్తది అంటింతురు. క్రింది గాజును మార్చవలసిన పని ఉండదు.