మాటు

పోలీసులు మాటు వేసి దొంగను పట్టుకున్నారని పేపర్లో చదువుతాం. పులి పొద మాటున పొంచి ఉందంటాం. నలుగురికీ తెలియకుండా నడిపే వ్యవహారాన్ని చాటుమాటు వ్యవహారం అంటాం. ఈ వాడుకలన్నిటిలో మాటు అంటే మరుగు. ఆ మరుగున ఉన్నవాడు మాత్రం ఎదుటివాడి మేలు కోరి కూర్చున్నవాడు కాడు.

పిట్టల ఫొటోలంటే నాకు ప్రాణం. ఆ పనిలో మేం హైడ్ అని పిలిచే గుడారానికి తెలుగులో మాటు కన్నా సరైన పేరు లేదు. అయితే ఈ పేరుకు వేటతో సంబంధం ఉంది. కెమెరాకూ వేట వాసన ఉంది. ఎగిరే పక్షుల కదలికలు పట్టడానికి ఫ్రాన్సులో ఎతియెన్ జూల్ మరే 1882లో చేసిన కెమెరా అచ్చం తుపాకీలాగే ఉండేది. గురిపెట్టి మీట నొక్కితే సెకనుకు 12 బొమ్మలు పడేవి.

ఆ తర్వాత మాటు స్వభావం మారుతూ వచ్చింది. ఇంగ్లండులో కియర్టన్ అన్నదమ్ములు డొల్లగా చేసిన ఎద్దు బొమ్మలో దూరి పిట్టలను ఫొటో తీశారు. మన దేశంలో అటవీ అధికారి ఎఫ్.డబ్ల్యు. చాంపియన్ తుపాకీ కన్నా కెమెరాను ఇష్టపడ్డాడు. 1920ల్లో పులి నడిచే బాటకు అడ్డంగా సన్నని తీగ కట్టి ఉంచేవాడు. పులి కాలు తగిలితే ఫ్లాష్ వెలిగేది, ఫొటో పడేది. పులి తన దారిన తాను పోయేది. 1927లో వచ్చిన ఆయన పుస్తకం 'విత్ ఎ కెమెరా ఇన్ టైగర్ లాండ్' నిండా ఆ ఓపికే ఉంది.

మన కలివికోడి కథలో మాటు మరో అడుగు ముందుకు వేసింది. 1900 తర్వాత జాడలేక, అంతరించిందనుకున్న ఈ పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్లీ కనబడింది. అది ముళ్లపొదల మధ్య రాత్రిళ్లు తిరుగుతుంది. దాని ఉనికి తెలుసుకోవడానికి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు వెతికారు, వాటంతట అవే ఫొటో తీసే కెమెరాలు పెట్టారు. ఆ మాటులో మనిషే లేడు.

ఇక్కడ తెలుగు ఇంకో సంగతి అందిస్తుంది. గాలికి దీపం రెపరెపలాడితే అరచెయ్యి మాటు పెడతాం. ఈ మాటు దీపాన్ని కాపాడుతుంది. గూటి ముందు కట్టే గుడారం కూడా ఇలాంటిదే కావాలి. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతు పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి తలంతా దూర్చి చేపలు తింటుంది. ఆ కాసేపు తల్లి మెడ వంచి, నోరు తెరిచి నిలబడాలి. మనిషి కదలిక కంటపడితే ముందు మెడ ఎత్తుతుంది, మేత ఆగుతుంది. ఇంకా బెదిరితే లేచిపోతుంది. గుడ్లు, ఈకలు రాని పిల్లలు ఎండకు మాడతాయి, కాకులకు దొరుకుతాయి. అందుకే చీకటి ఉండగానే మాటులోకి చేరాలి, లెన్సును అంగుళం అంగుళంగా తిప్పాలి, అడ్డొచ్చిందని గూటి ముందు రెమ్మ విరవకూడదు. ఆ రెమ్మ పిల్లలకు నీడ.

కోస్తాలో 'ఒకమాటు ఇలా రండి' అంటారు. అక్కడ మాటు అంటే సారి. అన్ని ప్రాంతాలవాళ్లూ అనే 'మాటిమాటికీ'లో ఉన్నదీ అదే. మూలాలు ఏమైనా, మా పనిలో ఈ రెండు అర్థాలూ విడదీయలేనివి. ఫొటోకు ఒకమాటు దొరికితే చాలు. సినిమాకు చాలదు. తల్లి రావడం, మేపడం, పోవడం, మళ్లీ రావడం మాటిమాటికీ జరిగితేనే దాని బతుకు తెర మీదికి వస్తుంది. బెదిరిన పిట్ట ఏదీ మాటిమాటికీ చేయదు. మొదటి మాటు సవ్యంగా ఉంటేనే రెండోది దక్కుతుంది.

కాబట్టి మాటు మంచిచెడ్డలు తేల్చేది మనకు దొరికిన ఫొటో కాదు. మనం వచ్చిపోయాక కూడా తల్లి ఎప్పటిలాగే గూటికి మేత తెస్తోందా అన్నదే అసలు పరీక్ష. అది తేవడం మానేస్తే, ఎంత గొప్ప బొమ్మ చేతికొచ్చినా మనం వేసింది వేటగాడి మాటే.