మో నుంచి డెసీసీమెన్స్ దాకా: మారిన పేరు, మారని అంకె

విద్యుత్ వాహకత ప్రమాణాల చరిత్రను సాధారణంగా ఒక్క ముక్కలో తేల్చేస్తారు: పాత ‘మో’ పోయి ‘సీమెన్స్’ వచ్చింది, రెండూ సమానం. అది తప్పు కాదు. కానీ మట్టినీ బోరునీటినీ పరీక్ష చేయించుకునే రైతుకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

తొలిదశ తెలిసిందే. 1827లో ఓమ్ తన సూత్రాన్ని ప్రకటించాడు. 1860లో వెర్నర్ సీమెన్స్ మీటరు పొడవు, చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న పాదరసపు స్తంభాన్ని నిరోధానికి కొలబద్దగా ప్రతిపాదించాడు. ద్రావణాల వాహకతను ఏకాంతర విద్యుత్తుతో కొలిచే పద్ధతిని కోల్‌రౌష్ స్థిరపరిచాడు. 1883లో విలియం థామ్సన్ సూచించిన ‘మో’ వాడుకలో పడింది. 1971లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ సీమెన్స్ పేరును ఆమోదించింది.

అసలు చిక్కు వ్యవసాయంలో మొదలైంది. 1954లో అమెరికా వ్యవసాయ శాఖ రివర్‌సైడ్ లవణ పరిశోధనశాల తయారుచేసిన 60వ నంబరు హ్యాండ్‌బుక్‌ను ప్రచురించింది. సెంటీమీటరుకు 4 మిల్లీమోలు దాటితే అది చౌడు నేల అని అందులో హద్దు గీశారు. అంతర్జాతీయ (ఎస్‌ఐ) ప్రమాణాల్లో ఉపసర్గ లేకుండా రాస్తే అది మీటరుకు 0.4 సీమెన్స్ కావాలి. నేల శాస్త్రజ్ఞులు ఆ దారి పట్టలేదు. శాస్త్ర పత్రాల్లో అరుదుగా కనిపించే ‘డెసీ’ (పదో వంతు) ఉపసర్గను తెచ్చి, మీటరుకు 4 డెసీసీమెన్స్ అన్నారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాగునీటి మార్గదర్శిక 1976 కూర్పులో మిల్లీమోలు ఉంటే 1985 కూర్పులో డెసీసీమెన్స్ వచ్చాయి. తీవ్ర సమస్యకు హద్దు మాత్రం రెండింటిలోనూ 3.

దీన్ని బద్ధకమని కొట్టిపారేయలేం. పట్టికలన్నీ తిరగరాస్తే దశాంశ బిందువు ఎక్కడో ఒకచోట జారక మానదు. అయితే అంకె చెక్కుచెదరకపోవడంతో దాని వెనకున్న షరతులు మరుగున పడ్డాయన్నది నా వాదన. ఆ 4 సంతృప్త మట్టి ముద్ద నుంచి తీసిన ద్రావణానికి, 25 డిగ్రీల సెల్సియస్ వద్ద చెప్పిన హద్దు. మన భూసార పరీక్షల్లో సాధారణంగా ఒక వంతు మట్టికి రెండు లేదా రెండున్నర వంతుల నీళ్లు కలిపి కొలుస్తారు. నీళ్లు పెరిగితే లవణం పలచబడి అంకె తగ్గుతుంది. కొలత రెండు రకాలైనా ప్రమాణం ఒకటే కాబట్టి తేడా కంటికి ఆనదు. పైగా నల్లరేగడికీ ఇసుకనేలకూ ఒకే గుణకంతో మార్చడం కుదరదు.

నీటి విషయంలో ఈ అయోమయం ఇంకా ముదిరింది. డెసీసీమెన్స్‌ను 640తో గుణిస్తే లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల లవణాలని హ్యాండ్‌బుక్ కాలం నుంచీ అంటున్నారు. అది ప్రమాణాల మార్పిడి కాదు, ఉజ్జాయింపు. ఏ లవణాలు ఎంత పాళ్లలో ఉన్నాయన్నదాన్ని బట్టి ఆ గుణకం మారుతుంది. కరిగిన మొత్తం లవణాలను (టీడీఎస్) చూపే బజారు మీటర్లు కొన్ని 640కి బదులు 500, మరికొన్ని 700 గుణకం వాడతాయి. 0.9 డెసీసీమెన్స్ ఉన్న నీటిని ఒకటి 450 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) అంటుంది, ఇంకొకటి 630 అంటుంది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన ఆమోదయోగ్య హద్దు 500. అవే నీళ్లు ఒక మీటరులో గట్టెక్కి, మరో మీటరులో తప్పుతాయి.

2015లో వచ్చిన భూసార ఆరోగ్య కార్డులో లవణ సూచికకు చోటివ్వడం మంచి అడుగే. కానీ కొలిచిన పద్ధతి తెలియని అంకె రైతుకు సగం సమాచారమే. మట్టి, నీళ్ల నిష్పత్తి, ఉష్ణోగ్రత, వాడిన గుణకం రాయని నివేదిక చేతికొస్తే, వాటిని అడిగి రాయించుకున్నాకే జిప్సం వేయాలో మంచినీళ్లు పెట్టి చౌడు కడగాలో తేల్చుకోండి.